తలమీద దారి

గురువారం మధ్యాహ్నం అయిందంటే ఎర్నెస్టీన్ వంటింట్లో జడల పని మొదలవుతుంది. పొయ్యిమీద ఒక పక్క స్పగెట్టీ ఉడుకుతుంటుంది, ఇంకో పక్క మూకుట్లో చేపముక్కలు చిటపటలాడుతుంటాయి. ఆవిడ కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మధ్య నేలమీద ఎవరో ఒకరిని కూర్చోబెట్టుకుని, దువ్వెన తోకతో పాయలు తీసి, మాడుకి అంటుకునేలా సన్నసన్న జడలు అల్లుతుంది. అల్లినంతసేపూ చర్చి కీర్తనేదో కూనిరాగం తీస్తూనే ఉంటుంది. మెంఫిస్‌లో ఆ పేట ఆడవాళ్ళలో ఆవిడ ముందు తల వంచనివాళ్ళు తక్కువ.

ఆవిడ కుటుంబం జుట్టు సంగతి పేటంతా ఎరిగిందే. ఆ రక్తం ఉన్నవాళ్ళకి ఎంత తిన్నగా అల్లినా సరే, తెల్లారేసరికి జడలు కదిలి, మనసు ఎటు తిరుగుతోందో ఆ దారి గీసుకుని కూర్చుంటాయి. ఎర్నెస్టీన్ నాయనమ్మ మిసిసిపీ పత్తిచేలు వదిలొచ్చిన ముప్పై ఏళ్ళకి కూడా తలమీద ఆ మట్టిరోడ్డునే మోసింది. ఆవిడ పోయినప్పుడు కూతుళ్ళు ఆ దారిని కాగితం మీద గీసుకుని, దాని వెంబడే వెళ్ళి, ఆ చేల పక్కనే పూడ్చి వచ్చారు.

ఎర్నెస్టీన్ చెల్లెలి కొడుకు మార్సెలస్ మాత్రం చాలాకాలంగా టోపీ తియ్యడం లేదు. ర్యాప్ పాడే మనిషి. 'ఫెనర్ వీధి' పాటతో అతనికి పేరొచ్చింది. మొదట్లో కుర్రాళ్ళు అతని వంకర జడలు చూసి కొత్త ఫ్యాషననుకుని తామూ అల్లించుకున్నారు. ఓరోజు పెట్రోలు బంకులో ముందు నిలబడ్డ కుర్రాడి నెత్తిమీద తన దారే కనబడేసరికి మార్సెలస్ పెట్రోలు పోయించుకోకుండానే వెనక్కి తిరిగాడు. ఆనాడు పెట్టిన టోపీ అది.

"తియ్యి నాన్నా," అంది ఎర్నెస్టీన్, ఆ గురువారం అతన్ని తన మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని. "సోమవారం తమ్ముడి కేసు మళ్ళీ విచారణకొస్తోంది, కోర్టులో మన వరుసలో కూర్చోవాలి. తమ్ముడి కోసం తలకో పద్ధతుండాలి కదా."

"ఇలాగే బాగుందిలే పెద్దమ్మా."

బల్ల దగ్గర చేప తింటున్న చర్చి స్నేహితురాలు సిస్టర్ లువీనియా ఊరుకోలేదు. "లోపల గుడ్లు పొదుగుతున్నాడేమో, కదిలించకు. మా మనవడూ వీణ్ణి చూసే అల్లించుకున్నాడు తల్లీ. కోడి గెలికినట్టుంది."

తమ్ముడంటే ఎర్నెస్టీన్ కొడుకు ట్యావోరిస్. మార్సెలస్ తల్లి పోయాక ఇద్దర్నీ ఒకే కంచంలో పెట్టి పెంచింది ఆవిడ. నాలుగేళ్ళ కిందట ఫెనర్ వీధిలో నిజంగానే ఒక మనిషి తుపాకీ దెబ్బ తిన్నాడు. మార్సెలస్ ఆ కబురు చెవినపడగానే పాట కట్టేశాడు. అందులో తానూ తమ్ముడూ ఆకుపచ్చ కారులో వెళ్ళారు. తమ్ముడు పేల్చాడు, తాను చూశాడు. కల్పించిన తుపాకీని సైతం తన చేతిలో పెట్టుకోలేదు. కోర్టులో ప్రాసిక్యూటరు ఆ పాటని బైబిలు వాక్యం చదివినట్టు చదివాడు. ట్యావోరిస్‌కి పన్నెండేళ్ళ జైలుశిక్ష పడింది.

తప్పు చేసి చెయ్యలేదనేవాళ్ళు లోకమంతా ఉన్నారు. చెయ్యనిదాన్ని చేశామని చాటుకుని బతకడం ఆ పాటల వృత్తిలోనే ఉంది. ఆ తర్వాత మార్సెలస్ చేసిన రెండు ఆల్బమ్‌లనీ ఎవరూ పట్టించుకోలేదు. ఎక్కడ నిలబడినా జనం "ఫెనర్! ఫెనర్!" అని అరిచేవాళ్ళు. పాడి వచ్చిన రాత్రల్లా అతనికి అన్నం సయించేది కాదు. అతని కూతుర్ని తీసుకుని పాప తల్లి అట్లాంటా వెళ్ళిపోయింది.

ఎర్నెస్టీన్ లాగేసరికి టోపీ ఊడి వచ్చింది. ఆవిడ వేలు అతని నుదుటి దగ్గర మొదలైంది.

"ఇది మన గుమ్మం. ఇదిగో టైర్ల కొట్టు మలుపు. రైలు పట్టాలు దాటింది..."

లువీనియా కళ్ళజోడు తగిలించుకుని వంగింది. "ఫెనర్ వీధికైతే ఇక్కడ కుడికి తిరగాలిగా?"

"తిరగలేదు."

వేలు ఎడమ చెవి వెనక ఆగింది. "డెల్ఫీన్ వీధి చివర. అక్కడేముంది?"

"బట్టలుతికే షాపు. నా మేజోళ్ళు మింగేసిన మిషన్లు అక్కడివే," అంది లువీనియా, చేతిలో చేపముక్క అలాగే పట్టుకుని.

కూనిరాగం ఆగిపోయింది.

"నాలుగేళ్ళలో నీ మనసు ఒక్కసారైనా ఫెనర్ వీధికి వెళ్ళలేదా, మార్సెలస్?"

అతను నేలకేసి చెప్పాడు. "ఆ రోజు మేమక్కడ లేం పెద్దమ్మా. పాపకి వాంతులు. దుప్పట్లన్నీ పాడైపోయాయి. వాడూ నేనూ ఆ సాయంత్రమంతా ఉతుకుతూ కూచున్నాం. నేను ఏడుస్తుంటే మడతలు వాడే పెట్టాడు."

"వాడు ఇంట్లో నిద్రపోయానన్నాడే!"

"నేనే చెప్పొద్దన్నా. రికార్డు కంపెనీవాళ్ళు సంతకం పెట్టేదాకా, రెండువారాలు ఆగరా అని బతిమాలా. దుప్పట్లు ఉతికినవాడి పాట ఎవరు వింటారు? కేసు నిలవదనుకున్నాం. నిలిచింది. ఆ తర్వాత నాకు నోరు పెగల్లేదు. వాడు మాట తప్పలేదు."

ఎర్నెస్టీన్ అతని తలమీంచి చేతులు తీసేసింది. ఆ చేతుల బరువు లేకపోవడం ఎంత బరువో అతనికి అప్పుడు తెలిసింది.

ఆవిడ అంది: "నా కొడుకు చేసిన పాపం క్షమించమని నాలుగేళ్ళు మోకరించాను. వాడు నా కళ్ళలోకి చూసి చెయ్యలేదమ్మా అంటే, నీ పాట నమ్మాను."

లువీనియా లేచి పొయ్యి ఆర్పింది.

"తల వంచు," అంది ఎర్నెస్టీన్. ఆ రోజు అల్లినంత బిగుతుగా ఆవిడ ఎన్నడూ అల్లలేదు. మార్సెలస్ కళ్ళవెంట నీళ్ళు కారాయిగానీ అబ్బా అనలేదు. అల్లడం అయ్యాక ఆవిడే లాయరుకి ఫోను చేసి, అతని చేతికిచ్చింది.

సోమవారం పొద్దున మార్సెలస్ పాటల వ్యవహారాలు చూసే మేనేజరు ఫోను చేశాడు. "నోరు తెరిచావో, నీ పని అయిపోయినట్టే." మార్సెలస్ ఫోను కట్టేసి సాక్షి బోను ఎక్కాడు.

"అయితే మీ పాట అబద్ధమంటారు?" అన్నాడు ప్రాసిక్యూటరు.

"అవునండి."

"మరి ఆ సాయంత్రం మీరేం వెలగబెడుతున్నారు?"

"పాప దుప్పట్లు ఉతుకుతున్నామండి. వాటిమీద బాతుల బొమ్మలున్నాయి."

వెనక బెంచీల్లో కిసుక్కున నవ్వారు. పత్రికలవాళ్ళు గబగబా రాసుకున్నారు. మార్సెలస్ చెవులు వేడెక్కాయి. ముద్దాయి బల్ల దగ్గర, అప్పటిదాకా తల ఎత్తని ట్యావోరిస్ ఆగలేకపోయాడు.

"బాతులు కాదు, కోడిపిల్లలు."

"పసుపుపచ్చగా ఉన్నాయి కదరా!"

"కోడిపిల్లలూ పసుపుపచ్చగానే ఉంటాయి. ఆ రోజూ చెప్పా. మిషన్ తలుపు పట్టుకుని వాదించావు కూడా."

జడ్జిగారు పెద్దావిడ. కొట్టడానికి సుత్తి ఎత్తింది. అన్న ముఖం చూసింది, తమ్ముడి ముఖం చూసింది. సుత్తిని చప్పుడు కాకుండా బల్లమీద పెట్టేసింది. నవ్వులు వాటంతటవే ఆగిపోయాయి. శిక్ష కొట్టేసి ట్యావోరిస్‌ని ఇంటికి పంపడానికి ఇంకా రెండు నెలలు పట్టిందిగానీ, అది తేలింది మాత్రం ఆ క్షణంలోనే అని లువీనియా ఇప్పటికీ అంటుంది.

"ఇంకా చెప్పు నాయనా," అంది జడ్జిగారు ట్యావోరిస్‌తో. "మొదటినుంచీ చెప్పు."

ట్యావోరిస్ తల్లికేసి చూశాడు. ఎర్నెస్టీన్ బెంచీ అంచు పట్టుకుని నెమ్మదిగా లేచి నిలబడింది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. మార్సెలస్ ఆ మాటలు అయిపోయేదాకా తల ఎత్తలేదు.