ఆవిరి కనపడాలి

"అన్నంలోంచి ఆవిరి కనపడాలి తాయారూ. ఇంకోసారి వేడి చేసి పట్రా" అన్నారు మావారు.

అది నాలుగోసారి. ఆ శనివారం మా ఇంట్లో సినిమా తీస్తున్నారు. పదిహేను నిమిషాల సినిమా, రేపల్లెలో పోటీకట. మావారు జగన్నాథరావుగారు తెనాలిలో తెలుగు మాస్టారు. దర్శకుడు ఆయనే. భర్త వేషం ఆయన స్నేహితుడు లక్ష్మీనారాయణగారిది. భార్య వేషానికి శరణ్య అనే అమ్మాయి పొద్దున్నే బాపట్ల నుంచి రైల్లో వచ్చింది.

మంచి సినిమా ఎలా ఉండాలో మావారు చార్టు మీద రాసి నెల కిందట వంటింటి తలుపుకి అంటించారు. చెప్పకూడదు, చూపించాలి. నటిస్తున్నట్టు ఉండకూడదు. కథకి అవసరం లేనిది తీసెయ్యాలి. నేను పదో తరగతితో ఆపేసినదాన్నే. అయినా తలుపు తీసినప్పుడల్లా చదివీ చదివీ విష్ణు సహస్రనామంలాగా నోటికి వచ్చేశాయి.

భర్త భోంచేస్తుంటాడు. భార్య వడ్డిస్తుంది. "పప్పులో ఉప్పేదీ?" అంటాడు. ఆమె పరుగెత్తుకెళ్ళి తెస్తుంది. అంతే దృశ్యం. ఒకసారి కరెంటు పోయింది. ఒకసారి శరణ్య గరిటె ఎడమచేత్తో పట్టుకుంది. ఒకసారి ఆవిరి కనపడలేదు. నాలుగోసారి లక్ష్మీనారాయణగారు త్రేన్చారు.

"ఏం చెయ్యను వదినగారూ, నాలుగు భోజనాలైనాయి!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

శనివారం నాకు ఒంటిపూట. స్వామికి నైవేద్యం పెట్టాక మధ్యాహ్నం ఒక్కసారే అన్నం, ఇరవై రెండేళ్ళుగా. అప్పటికి మూడున్నరైంది. గిన్నెలో ఒక మనిషికి సరిపడా మిగిలింది.

"సినిమాలో ఆవిడ ఎప్పుడు తింటుందండీ?" అని అడిగాను. తప్పు పట్టడానికి కాదు, తెలుసుకుందామనే.

"అది కథకి అవసరం లేదు. ఆ మిగిలిన అన్నం వేడి చెయ్యి."

"అది నాకండి. శనివారం కదా."

"రాత్రికి తిందువులే. ఒక్కరోజుకి దేవుడేమీ అనుకోడు."

నిజమే, దేవుడేమీ అనుకోడు. ఇన్నేళ్ళలో నేను తిన్నానో లేదో అని ఈ ఇంట్లో కూడా ఎవరూ ఏమీ అనుకోలేదు. "ఆడదాని కంచం ఆఖరున కడిగితేనే ఇల్లు చల్లగా ఉంటుంది" అనేవారు మా అత్తగారు. ఆవిడ కంచం ఎప్పుడు కడిగారో నేనూ చూడలేదు.

అన్నం వేడి చేశాను. ఆవిరి బాగా వచ్చింది. రెండు కంచాలు పట్టుకెళ్ళి, శరణ్యకి కొంత, నాకు కొంత పెట్టి, లక్ష్మీనారాయణగారి ఎదురుగా కూర్చున్నాను. ఆ పిల్ల ఒక్కసారి మావారి వైపు చూసి, నా పక్కన కూర్చుంది.

"ఏంటిది తాయారూ? కెమెరా తిరుగుతోంది!"

"తిరగనివ్వండి. నేను నటించట్లేదు."

పప్పు కలుపుకుని, గోవిందా అనుకుని మొదటి ముద్ద తిన్నాను. నైవేద్యానికి వండింది ముందు రుచి చూడకూడదు కదా, పప్పులో నిజంగానే ఉప్పు మర్చిపోయాను. లక్ష్మీనారాయణగారు నాలుగుసార్లూ నటించలేదన్నమాట.

ఉప్పు కోసం అలవాటుగా శరణ్య లేవబోయింది. చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

"ఏమండీ," అన్నాను, "కాస్త ఉప్పు పట్రండి."