చిరిగిన జేబు

"మోకరించు తల్లీ," అన్నాడు బిషప్ జోనాస్ రెండోసారి.

డ్రూసిల్లా కదల్లేదు. ఆరాధన అయిపోయింది. పిల్లల్ని బయటికి పంపి తలుపులు మూసేశారు. దుంగల ఇళ్ళు కట్టే ఆ షెడ్డులో ఒకవైపు ఆడవాళ్ళు, ఒకవైపు మగవాళ్ళు, మధ్యలో రంపపుపొట్టు వాసన. అందరి ముందూ ఆమె ఒప్పుకోవలసిన తప్పు ఒక్కటే. మూడేళ్ళ కూతురు మారీబెత్‌ను పూడ్చిన రోజు, "దేవుడు తీసుకున్నాడమ్మా" అని ఓదార్చిన వాళ్ళతో "దేవుడు తీసుకోలేదు" అంది. ఆ మాట ఇంతవరకూ వెనక్కి తీసుకోలేదు.

వెనక బెంచీ నుంచి అత్తగారు కాటీఆన్ గొణిగింది. "రెండు నిమిషాల పని. పొద్దస్తమానం కలుపు తీసే మోకాళ్ళేగా, ఇక్కడ వంగడానికి వాటికేం రోగం?"

వంగితే నిజంగా అయిపోతుంది. సంఘం ఒకసారి క్షమించిన సంగతిని మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు, ఆమె కూడా. డ్రూసిల్లాకు భయం పుట్టిస్తున్నది అదే. ఇప్పుడు వంగితే, పిడికిట్లో ఉన్న తాళంచెవి గురించి ఇక ఈ జన్మలో నోరు విప్పడానికి ఉండదు.

అది నిన్న దొరికింది. పాప పోయినప్పటి నుంచి ఆమె బట్టలు ఉతకడానికి తీసినప్పుడల్లా భర్త ఆర్లిన్ అడుగుతూనే ఉన్నాడు.

"నా జేబుల్లో ఏమన్నా దొరికిందా?"

"ఏం పోయింది?"

"ఏం లేదులే. తూటాలు. ఆ వేట కోటు జేబు కుట్టమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? రొట్టెలు కాల్చాను, పాలు పితికాను అనకు. అవి ఏ ఆడది చెయ్యదు?"

నిన్న పాలు పితికి, రొట్టెలు కాల్చి, ఆ కోటు ఒళ్ళో వేసుకుని కూర్చుంది. చిరుగులోంచి లోపలి గుడ్డలోకి జారిపోయి ఏదో గట్టిగా వేలికి తగిలింది. తూటా కాదు. ఇళ్ళల్లో ఫోను సంఘం ఒప్పుకోదు కనక, రోడ్డు చివర అందరూ వాడుకునే ఫోన్ గది తాళంచెవి. ఎప్పుడూ ఆ గది పక్క మేకుకు వేలాడుతూ ఉండేది.

మగవాళ్ళందరూ దుప్పుల వేటకు కొండెక్కిన రోజు ఆ మేకు ఖాళీగా ఉంది. పాప గొంతు పూడుకుపోయి, ఊపిరి ఈలలా వస్తోంది. పిల్లను భుజాన వేసుకుని ఇంటింటికీ పరిగెత్తింది. తాళంచెవి ఏదని అడిగితే ఎవరికీ తెలియదు. తిరిగొచ్చి, చేతిలో రాయితో ఆ గది కిటికీ ముందు నిలబడింది. పగలగొడితే ఆర్లిన్ ఏమంటాడోనని ఆలోచించింది. ఎంతసేపో ఆమెకే తెలుసు. ఆ తర్వాతే కొట్టింది. ఫోన్ చెయ్యగానే, సంఘం బయటివాడు, కారున్న ఒకాయన వెంటనే వచ్చాడు. కనుమ దాటుతుండగా ఈల ఆగిపోయింది. కాస్త ముందు తెచ్చుంటే బతికేదని ఆసుపత్రిలో డాక్టరు మెల్లగా చెప్పాడు.

సమాధి దగ్గర ఆర్లిన్ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంటికొచ్చాక అందరూ వింటుండగా అన్నాడు. "మొన్నెప్పుడో మీ అక్కతో మాట్లాడి తాళంచెవి నువ్వే ఎక్కడో పారేసుంటావు."

అందరూ నమ్మారు. ఆమె కూడా సగం నమ్మింది. తోటలో, గడ్డివాములో, కోళ్ళగూట్లో వెతికింది. వేటకు వెళ్ళేముందు అతనన్న మాట మాత్రం నిన్నటిదాకా గుర్తు రాలేదు. "మన ఇంటి సంగతులు ఐడహోలో మీ అక్కకెందుకు? నేను లేనప్పుడు ఎలా మాట్లాడతావో చూస్తాను."

చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అతను ఏడుస్తాడు, మోకరిస్తాడు. సంఘం వేసే వెలి శిక్షగా ఆరు వారాలు వేరే బల్ల మీద తింటాడు. ఆ బల్లకు వండి వడ్డించేదీ తనే. తర్వాత అందరూ చేయి కలిపి క్షమించేస్తారు. ఆ రాత్రి నుంచి మళ్ళీ అదే మంచం, అదే కోటు, అవే జేబులు. ఈ కొండల్లోంచి ఆమెకు ఎక్కడికీ పోయే వీల్లేదు. మారీబెత్ రాదు. చెప్పినందువల్ల ఒక్క మంచీ జరగదు.

"ఒప్పుకుంటున్నావా తల్లీ, అది దేవుడి చిత్తమని?" జోనాస్ గొంతులో విసుగు లేదు. జాలే ఉంది. ఆ జాలి ఆమెకు భరించరానిదిగా అనిపించింది.

"ఊఁ అను," అంది అత్తగారు. "అవతల కాఫీ చల్లారిపోతోంది."

డ్రూసిల్లా ముందుకు నడిచి, పాటల పుస్తకం మీద తాళంచెవి పెట్టింది. ఆమె అరచేతిలో, ఆనాడు కిటికీ అద్దం కోసిన గాటు మీద దాని అచ్చు ఎర్రగా పడి ఉంది. మగవాళ్ళ వైపు ఒక్క తల వాలిపోయింది.

"దేవుడి మీద ఎందుకు పెడతారు," అంది. "ఆయన దగ్గర తాళంచెవి లేదు. నేను ఫోన్ చెయ్యకూడదని దాన్ని కోటు జేబులో వేసుకుని కొండెక్కాడు. నా బిడ్డ ఊపిరి తీసింది నా మొగుడు, ఆర్లిన్ బోర్న్‌ట్రేగర్."