తిప్పన్న పండిన కాలు

కొత్తచెరువు చుట్టుపక్కల గొర్రెలు కాచినవాళ్లలో నా కాళ్లంత గట్టి కాళ్లు ఇంకొకరికి లేవు. నా అరికాలు కనిపిస్తే తుమ్మముల్లు తానే వంగి దారి ఇచ్చేది. తాడిపత్రిలో బండలు కోసేవాళ్లు నా మడమను చూసి, రంపం పాడవుతుందని దూరం జరిగారు.

మా కాపరుల్లో ముల్లు దిగినా నొప్పి తెలియకపోతే కాలు పండింది అంటారు. అది పెద్ద గౌరవం. ఆ పాదాలకు ఇంట్లో ఆడవాళ్లు పసుపు రాస్తారు.

మా చెల్లెలు నల్లమ్మ మొగుడు తిప్పన్నకు కొన్నేళ్ల కింద చేతులు వణకడం మొదలైంది. అడుగు పడేది కాదు. అనంతపురం డాక్టరు పార్కిన్సన్స్ అని చెప్పి, లెవోడోపా మాత్రలు రాసిచ్చాడు. మాత్ర పడితే చేయి నిలిచేది, కాలు సాగేది. తిప్పన్న మళ్లీ మంద వెనక నడిచాడు. వాడికి అంతకు మించి ఏమీ అక్కర్లేదు. అందుకే డాక్టరు దగ్గరికి మళ్లీ పోలేదు, మాత్రలు మాత్రం తెచ్చుకునేవాడు.

ఒక సాయంత్రం మందను దొడ్డికి తోలి, కాలు చాచి చూపించాడు. అరికాల్లో తుమ్మముల్లు సగం దాకా దిగి ఉంది.

"నాకు తెల్నే లేదు బావా. కాలు పండినాది."

"ఇప్పటికా? నాది పుట్టినప్పుడే పండె."

"నీదా? నీ కాల్లో ముండ్లు తీసీ తీసీ నా పిన్నీసు మొన అరిగిపోయినాది."

అది నిజమే. మొదట నేను కొట్టిన గొప్పలు మరిచిపోండి. పల్లేరుకాయ తొక్కినా కుంటుకుంటూ తిప్పన్న దగ్గరికే పోయేవాణ్ణి. మొలతాడుకు కట్టుకున్న పిన్నీసుతో వాడు ముల్లు తీస్తుంటే నేను ఊరంతా వినేలా అరిచేవాణ్ణి.

ఆ పొద్దు నల్లమ్మ మొగుడి పాదాలకు పసుపు రాసింది. మేమంతా సంబరపడ్డాం.

ముల్లు దిగిన చోట పుండు లేచింది. చీము పట్టినా వాడికి నొప్పి లేదు. నేల దూదిలా ఉందంటూ తూలేవాడు. కూతురు మల్లీశ్వరి అనంతపురం తీసుకుపోతే నేనూ వెంట పోయాను. డాక్టరు రక్తపరీక్ష చేయించాడు.

"ఈ మాత్ర వాడేవాళ్లలో కొందరికి రక్తంలో బి12 విటమిన్ తగ్గిపోతుంది పెద్దాయనా. నరాలను దెబ్బతీసే హోమోసిస్టీన్ అనేది పెరుగుతుంది. మీకు అదే జరిగి కాళ్ల నరాలు మొద్దుబారాయి. ముందే రక్తం చూపించుకుని ఉంటే బాగుండేది."

"అట్లయితే మాత్ర మానేస్తా సార్."

"మానితే అసలు నడవలేరు. బి12 సూదులు వేస్తాం. స్పర్శ ఎంతవరకు తిరిగొస్తుందో చెప్పలేను."

తిరుగు బస్సులో తిప్పన్న తన పాదాలకేసి చూసుకున్నాడు.

"అయితే నల్లమ్మ పసుపు ఊరికే రాసినాది" అన్నాడు.

సూదులు వేయించుకున్నాడు. పుండు మానింది. కాలికి నేల తెలిస్తేనే మందతో పంపుతానని మల్లీశ్వరి తెగేసి చెప్పింది. మొన్న వాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాను. వాడి పిన్నీసే తీసుకుని వాడి అరికాల్లో గుచ్చాను.

"అబ్బా, మెల్లిగా బావా" అన్నాడు. బియ్యం చెరుగుతున్న నల్లమ్మ చేట పక్కన పెట్టి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మొదటి గొప్పలు పోగా ఈ కథలో నేను కల్పించింది ఆ 'అబ్బా' ఒక్కటే. రక్తపు చుక్క బయటికి వచ్చాక కూడా తిప్పన్న కళ్లు మూసుకునే ఉన్నాడు.

"ఏమప్పా బావా, ఇంకా గుచ్చలేదా?" అని అడిగాడు.