కొడుకు తరఫు సాక్షి

కారు కోర్టు మెట్ల దగ్గర ఆగేదాకా కొడుకు తల్లి చేత ఆ ఒక్క మాటే వల్లె వేయించాడు. "తనే ఇష్టపడి ఉద్యోగం మానేసింది అను. అంతే. ఇంకేం మాట్లాడకు."

ఆవిడ తల ఊపింది. పక్షవాతం వచ్చి కోలుకున్న మనిషి. తల ఊపితే చాలు, ఒప్పుకుందనే అనుకుంటారు అందరూ.

విడాకులు అయిపోయాయి. తేలాల్సింది భరణం. కోడలు ఒకప్పుడు రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసేది. చదువుంది, ఒంట్లో ఓపికుంది, మళ్లీ పనిచేసుకోవచ్చుగా, నేనెందుకివ్వాలి అని కొడుకు వాదన. టైర్ల షాపు అతనిది. కన్నతల్లి తన పక్కన కాక ఎవరి పక్కన నిలబడుతుందని ధీమా.

బోనెక్కి దేవుడి మీద ప్రమాణం చేసింది. ఈ కొడుకు కోసం ఆ దేవుణ్ణి ఎన్నో అడిగింది ఆవిడ. అబద్ధమాడే ధైర్యం మాత్రం ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడగొచ్చా? అడిగితే మాత్రం ఇస్తాడా?

"మీ కోడలు ఉద్యోగం ఎందుకు మానేసిందమ్మా?" అన్నాడు కొడుకు లాయరు.

"నా వల్ల."

లాయరు గతుక్కుమన్నాడు. "అంటే, తన ఇష్టంతోనే..."

"ఇష్టమేంటి బాబూ! నా కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆయాను పెడదామంది తను. బయటివాళ్లెందుకు, నువ్వే మానేయ్, నేనున్నాగా అన్నాడు వీడు. నా మంచం పక్కనే నిలబడి అన్నాడు. కాలు పడిపోయింది గానీ చెవులు పడిపోలేదు నాకు."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"అమ్మా!" కొడుకు లేచాడు.

"కూర్చోరా. పిలిచింది నువ్వే."

జడ్జి ముందుకు వంగింది. "ఇప్పుడు తనకి ఆ పని దొరకదంటారా?"

"ఏళ్ల తరబడి నా ఒళ్లు తుడుస్తూ కూర్చుందమ్మా. ఈలోపు అక్కడ మిషన్లన్నీ మారిపోయాయట. మళ్లీ నేర్చుకోవాలి. నేర్చుకునేదాకా తినాలా వద్దా?"

మధ్యాహ్నం జడ్జి తీర్పు చదివింది. ఇంటి కోసం వదులుకున్న సంపాదన కూడా లెక్కలోకి వస్తుందంది. ఆమె తిరిగి తన కాళ్ల మీద నిలబడేదాకా భరణం ఇచ్చి తీరాలంది.

కొడుకు ఎవరి వంకా చూడకుండా కారెక్కి వెళ్లిపోయాడు. మెట్ల దగ్గర కోడలు ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరికీ అలవాటైన పట్టే.

"ఇప్పుడెక్కడికి వెళ్తారు అత్తయ్యా?"

"ఎక్కడికేంటే, ఇంటికే. టాక్సీ పిలువు."

"ఆయన ఊరుకుంటారా?"

"పెళ్లానికిచ్చాడు, సరే. తల్లికి విడాకులివ్వడానికి ఏ కోర్టుకెళ్తాడో నేనూ చూస్తా!"