తియ్యని జిగురు

ఉచ్చంగెమ్మ జిగురు చుక్కలు పెట్టే చుక్కసూది కొనను నాలుకతో తడుపుకుని, గిన్నెలోని పసుపుపచ్చని జిగురులో ముంచింది. గ్లిజరిన్‌లో సీసపు పొడి కలిపిన ఆ జిగురు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నందాకా ఆకలి మరిపిస్తుంది. ఇంజెక్షన్ సూది దాని ఇత్తడి బుడిపెలోకి దిగేచోట, చుట్టూ ఆవగింజలో సగమంత చుక్క పెట్టాలి. ఎక్కువైతే సూది మూసుకుపోతుంది. తక్కువైతే సూది రోగి ఒంట్లోనే ఉండిపోయి, డాక్టరు చేతికి ఇత్తడి మాత్రమే తిరిగొస్తుంది. ఆపైన నోట పెట్టుకుని ఊదితే అవతల గాలి రావాలి.

బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసిన ఏడాది పెట్టిన షెడ్డు అది. అప్పటినుంచీ ఆమె తన ఊరు మోకనుంచి బస్సులో వస్తోంది. తన చేతిపని ఎంతమంది పిరుదుల్లో దిగిందో తలచుకుని నవ్వుకునేది.

ఈమధ్య నవ్వు లేదు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాడిన తోటకూరకాడలా వేలాడుతోంది.

యజమాని చెన్నకేశవరావు ఆమె అతికిన సూదిని వెలుతురుకెత్తి చూశాడు. చుక్క పక్కకు జారింది.

"రేపట్నించి రావద్దులే, ఉచ్చంగెమ్మా. చెయ్యి పడిపోయింది."

అలవాటుగా తొట్టి దగ్గరికి పోయి ఎర్రసబ్బుతో మోచేతులదాకా తోముకున్నాడు. అది తమ కులం అంటు వదిలించుకోవడానికేనని ఉచ్చంగెమ్మ మొదటినుంచీ అనుకుంటోంది. అందుకే ఆ సబ్బును ఏనాడూ ముట్టలేదు.

ఇంటి పెరటి గుమ్మంలోంచి అతని భార్య శివపార్వతి కేకేసింది. "గోళ్లల్లో కూడా రుద్దుకోండి! ఆ జిగురు విషమని మీరే చెబుతారు, ఆ చేతుల్తోనే పిల్లల్ని ఎత్తుకుంటారు!"

ఉచ్చంగెమ్మ నాలుక మీద తీపి ఇంకా ఆరలేదు.

"సామీ, కడుక్కునేది మా అంటు పోవాలని గాదా?"

"ఛ, అవేం మాటలు? అలాంటి పట్టింపులు నాకు లేవమ్మా."

"ఆ పట్టింపే ఉన్నింటే బాగుండు గదప్పా! ఇన్నేండ్లు నీ కండ్లముందరే నాకతాండా. నాలిక పెట్టొద్దని ఒక్క మాట రాలేదే నీ నోట!"

"అడిగుంటే చెప్పేవాణ్ణి."

"ఏమని అడగల్ల? విషమేమన్నా పెడతాండావా సామీ అనా?"

పక్క పీటల మీది ఆడవాళ్ల నోళ్లలోంచి సూదులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

ఉచ్చంగెమ్మ లేచి ఎర్రసబ్బు అందుకుంది. వేలాడే చేతిని గోళ్లతో సహా తీరిగ్గా తోమింది. నాలుక మీదా రుద్దుకుని, రావు చెప్పుల పక్కనే ఉమ్మింది. తర్వాత బస్సుకు వెళ్లిపోయింది.

సాయంత్రం రావు చేతులు కడుక్కోబోయాడు. తడి ఎర్రసబ్బులో చుక్కసూది నిలువునా దిగి ఉంది. దారం చుట్టిన దాని పిడి మీద, ఇన్నేళ్లూ ఉచ్చంగెమ్మ నొక్కి పట్టిన చోట, బొటనవేలంత గుంట.