శాస్త్రీయ పరికరంగా నేను గడిపిన గురువారాలు

అడిగేవాడు కూర్చున్న ఎత్తును బట్టే చెప్పేవారి నోట సత్యం పలుకుతుందని విజ్ఞులు తీర్మానించిన శుభముహూర్తాన నేను అవతరించాను. నేను ఒక మడత స్టూలును. నాలుగు అల్యూమినియం కాళ్లు, నడుమ ఒక ముతక గుడ్డ: ఇంతే నా దేహం. కాని నా ప్రవేశం సామాన్యమైనది కాదు. విశ్వవిద్యాలయంలోని మనస్తత్వ, సమాజారోగ్య శాఖకు వచ్చిన పరిశోధన నిధితో కుర్చీలూ బల్లలూ కొనరాదని ఒక నిబంధన ఉంది. అందుచేత ప్రొఫెసర్ వేదాద్రి గారు దీర్ఘంగా ఆలోచించి నన్ను శాస్త్రీయ పరికరంగా కొన్నారు. రక్తపోటు యంత్రానికి వేసినట్టే నాకూ ఒక సంఖ్య వేశారు. ఆ యంత్రం నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరువలేను.

నన్ను చేతబట్టినది ప్రసూన అనే పరిశోధక విద్యార్థిని. మిరప యార్డు వెనక పేటలో, కాయల తొడిమలు తీసి బతికే ఒంటరి స్త్రీల మనోవేదనను కొలవడం ఆమె పని. సగం ఇళ్లకు వారం వారం వెళ్లి ధైర్యం చెప్పాలి. మిగతా సగానికీ వెళ్లాలి గాని, ప్రశ్నలు చదివి, జవాబులు రాసుకుని లేచి రావాలి. అక్కడ ఓదార్చరాదు, సలహా ఇవ్వరాదు, తల కూడా ఊపరాదు. రెండు సగాలనూ పోల్చి చూస్తే ఓదార్పు విలువ ఎంతో తేలుతుందట. దయను ఇంత పకడ్బందీగా వడకట్టగలిగింది శాస్త్రం ఒక్కటే.

తల ఊపరాని ఇళ్లలో ఒకటి సామ్రాజ్యమ్మది. పేరులోని వైభవం ఇంట్లో లేదు. ఒకే గది, ఒకే మనిషి. ఆమె గడప మీద కూర్చునేది, ప్రసూన నా మీద. మనసులో మాట చెప్పుకోవడానికి ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్నకు మొదటి గురువారం, మండే చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ, ఎవరూ లేరంది. రానురాను జవాబులు పెరిగాయి. నిద్ర ఎలా పడుతోందని అడిగితే, ఎదురింటి కోడి మొదలుకొని పోయిన మొగుడి గురక దాకా చెప్పేది. ప్రసూన మెడ బిగబట్టుకుని వినేది. ఆ బిగువు నా గుడ్డకు తెలిసేది. కొన్నాళ్లకు సామ్రాజ్యమ్మ మేము వచ్చే పూట యార్డుకు పోవడం మానేసి, ఉతికిన చీర కట్టుకుని కనిపెట్టుకుని ఉండసాగింది.

ఒక గురువారం, మనసులో మాట చెప్పుకోవడానికి ఎవరైనా ఉన్నారా అన్న ఆ మొదటి ప్రశ్నకే ఆమె, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు, "ఉందిగా ఒక పిల్ల. గురారం గురారం వస్తంది. రాసుకో," అంది.

ప్రసూన రాసుకుంది. ఆ రాత వేదాద్రి గారి నెత్తిన పిడుగై పడింది. ఓదార్పు అందని ఇళ్లు కూడా అందిన ఇళ్లంతగా కోలుకుంటే, ఆయన కనిపెట్టిన ఓదార్పు పద్ధతి గతేమిటి?

"ఆవిడ బాగుపడితే మన పరిశోధన పాడవుతుందమ్మా," అన్నారాయన, నిజమైన దుఃఖంతో. సామ్రాజ్యమ్మ పేరు కొట్టేయమన్నారు. మళ్లీ ఆ గడపకు వెళితే సిద్ధాంత గ్రంథం మీద సంతకం పెట్టనన్నారు. పట్టా లేనిదే ఉద్యోగం లేని ప్రసూన ఎదురు చెప్పలేకపోయింది.

నన్ను మడిచి నడవలో గోడకు చేర్చారు. గురువారాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఆ వేళయ్యేసరికి నా కాళ్లకు ఆ పేట సందులోని ఎగుడుదిగుడు నేల తగలాలనిపించేది. మిరప ఘాటుకు తుమ్మే ప్రసూన, ఆ తుమ్ముకు నవ్వే సామ్రాజ్యమ్మ గుర్తొచ్చేవారు. పరికరాలకు బెంగ ఉండదని శాఖ అభిప్రాయం. రక్తపోటు యంత్రం కూడా అదే అంటుంది. ఎక్కడం, దిగడం తప్ప దానికి మరో అనుభవం లేదు.

స్త్రీల ఒంటరితనం మీద శాఖ జాతీయ సదస్సు జరిపిన రోజున, సామ్రాజ్యమ్మ దారి అడుక్కుంటూ అక్కడికే వచ్చింది. మంచినీళ్ల కోసం బయటికొచ్చిన ప్రసూన ఆమెను చూసి నిలబడిపోయింది.

"రాకపోతే రానని చెప్పాలిగా అమ్మాయ్," అంది సామ్రాజ్యమ్మ. "పని మానుకుని కూచుంటన్నా. ఏదన్నా తప్పు చెప్పానా? చెబితే మార్చి చెప్తాలే."

"నువ్వేం తప్పు చెప్పలేదు పెద్దమ్మా."

ఇంకేదో చెప్పబోయింది. లోపల మైకులో ఆమె పేరు పిలిచారు. "ఐదు నిమిషాలు కూర్చో పెద్దమ్మా, వచ్చేస్తా," అని నన్ను విప్పి వేసి పరుగెత్తింది.

సామ్రాజ్యమ్మ నా మీద కూర్చుంది. మనిషి ఇంత తేలికని గడపకు తెలుసునేమో గాని, నాకు తెలియదు. తలుపు సందులోంచి ప్రసూన గొంతు వినిపిస్తున్నంతసేపూ అటే చూసింది. లోపల చప్పట్లు మోగితే తానూ కొట్టింది. ఆ తరువాత పండితులకు సందేహాలు కలిగాయి. సందేహాల మీద చర్చ, చర్చ మీద అధ్యక్షుల తొలిపలుకులు. పేటకు పోయే బస్సు వేళ అయింది. ఆమె లేచి, తలుపు వైపు ఒకసారి చూసి, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

ప్రసూన వచ్చేసరికి నడవ ఖాళీ. వంగి నా గుడ్డ మీద అరచెయ్యి ఆనించింది. ఇంకా వెచ్చగానే ఉంది. ఆమె గేటు వైపు పరుగు తీసింది గాని, బస్సు దాటిపోయిందని వాచ్‌మన్ చెప్పడం నాకు ఇక్కడికే వినిపించింది.

సదస్సుకు వచ్చిన ప్రతినిధి అనుకుని అటెండరు సామ్రాజ్యమ్మకు ఒక టిఫిన్ పొట్లం ఇచ్చినందువల్ల, ఆ రోజు వేదాద్రి గారికి సమోసా దక్కలేదు.