లాభమున్న వాళ్లంతా బయటికి

ప్రభుత్వం కంపెనీల పాలన మీద కొత్త నియమం రాసి మా పరిశ్రమల సంఘం అభిప్రాయం అడిగింది. బోర్డు ముందుకు వచ్చిన పనిలో ఏ డైరెక్టరుకైనా, అతని ఇంటివాళ్లకైనా లాభముంటే అతను గది బయటికి పోవాలి. ఓటు వేయకూడదు. అంతే నియమం. సాయంత్రంలోగా జవాబు పంపాలి. సంఘాలు వద్దంటే అది అటకెక్కుతుంది.

నాకది కావాలి. నా భార్య తమ్ముడూ నేనూ కలిసి పంపుల ఫౌండ్రీ నడుపుతున్నాం. పోతపోసిన ప్రతి భాగమూ లేత్ పనికి అతని కొడుకు వర్క్‌షాపుకే పోతుంది, బయటి రేటుకంటే ఎక్కువకి. బోర్డులో అతను చెయ్యెత్తుతాడు, అతని భార్య ఎత్తుతుంది, అతని మామ కునికిపాట్లు పడుతూనే ఎత్తుతాడు. తమ్ముణ్ణి ఏమీ అనొద్దని నా భార్య బతికున్నన్నాళ్లూ నా నోరు కట్టేసింది. ఆమె పోయింది. ఆ కట్టూ పోయింది.

సంఘానికి అధ్యక్షుడు కూడా అతనే.

“ఈ రూలు పెడితే బోర్డు రూముల్లో కుర్చీలే మిగుల్తాయి,” అన్నాడు ఇవాళ సంఘం మీటింగులో, మైకు పట్టుకుని. హాలు గొల్లుమంది. అతనికి హుషారెక్కింది. “నమ్మరా? ఇప్పుడే చూపిస్తా. కంపెనీలో సొంతవాళ్లకి పనో జీతమో ఇస్తున్నవాళ్లంతా బయటికి నడవండి. మిగిలినవాళ్ల ఓటే సంఘం మాట. అధ్యక్షుడిగా చెబుతున్నా, రాసుకోండి మేడమ్!”

కార్యదర్శి రాసుకుంది. జనం నవ్వుకుంటూ లేచారు. నేను కదల్లేదు. ఫౌండ్రీ మేనేజరు మా అమ్మాయే. పక్కనుంచి నా మోచేయి గిల్లింది.

“లే నాన్నా. నా జీతం ఎవరిస్తున్నారు, పక్కింటాయనా?”

లేచాను. వరండాలో ఇసుక వేస్తే రాలదు. బావమరిది నా పక్కనే నిలబడ్డాడు.

“చూశావా బావా? లోపల ఈగలు తోలడానికి కూడా మనిషి లేడు.”

“ఉన్నారు మావయ్యా,” అంది అమ్మాయి, తలుపు అద్దంలోంచి చూస్తూ. “స్ప్రింగులాయన, అట్టపెట్టెలావిడ, ఇంకో నలుగురైదుగురు. ఒక్కళ్లూ నవ్వట్లేదు.”

తలుపుకి చెవి ఆనించాను. స్ప్రింగులాయన గొంతు ఖంగుమంది.

“వంటింట్లో నడిచే వీళ్ల కంపెనీల్ని చూసి బ్యాంకులు మన మొహాన కూడా తలుపేస్తున్నాయి. నాకు బయట పెట్టుబడి పుట్టట్లేదు. ఈ రూలు కావాలన్నవాళ్లు చేతులెత్తండి!”

అమ్మాయి నా భుజం నలిపేస్తోంది.

“నాన్నా, ఎత్తారు! అందరూ ఎత్తారు!”

వయసు మరిచి గెంతాను.

బావమరిది తలుపు తోసుకుని పరుగెత్తాడు. “ఆగండాగండి! సరదాకన్నాను!”

“అధ్యక్షుడిగా అన్నారు సార్,” అంది కార్యదర్శి. “చేతులెత్తగానే జవాబు మెయిల్లో వెళ్లిపోయింది.”

హాల్లో తిట్లూ చప్పట్లూ కలిసిపోయాయి. అతను వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

“బావా, ఇది చట్టమయ్యేలోపు మనలో మనం సర్దుకుందాం. అక్కే ఉంటే...”

“ఉన్నన్నాళ్లూ సర్దుకున్నాను.” చెయ్యి విదిలించుకున్నాను. “చట్టం దాకా ఎందుకు? సోమవారం మన బోర్డు. అమ్మాయి జీతం మాట వస్తే నేను బయటికి పోతా. లేత్ పని మాట వస్తే నువ్వూ నీ ఇంటివాళ్లూ పొండి. కాదంటే, ఇవాళ నువ్వు రాసుకోమన్న మాట అక్కడ అందరి ముందూ చదివిస్తా.”

“ఫౌండ్రీ వరండాలో ఫ్యాను పెట్టిస్తాలే మావయ్యా,” అంది అమ్మాయి. “మీ మామగారికి నిద్ర పడుతుంది.”

అతను నా మొహంలోకి చూశాడు, జాలి కోసం. దొరకలేదు.